విహారానికి వచ్చిన అమ్మమ్మలు

అమెరికా వలస చట్టం దృష్టిలో తాత్కాలికంగా వచ్చే సందర్శకులు రెండే రకాలు. వ్యాపారం కోసం వచ్చేవాళ్ళు, విహారం కోసం వచ్చేవాళ్ళు. 1952 చట్టంలో ఉన్న ఈ మాటలు అంతకుముందు 1924 చట్టంలోనూ ఉన్నాయి. మొదటిది బి-1 వీసా, రెండోది బి-2. గత మూడు దశాబ్దాలుగా గుంటూరు నుంచీ, వరంగల్ నుంచీ, తిరుపతి నుంచీ సూట్‌కేసుల నిండా శొంఠిపొడి, వెల్లుల్లి కారం, సున్నిపిండి, పాత నూలుచీరల ముక్కలు సర్దుకుని కూతురి పురుటికో కోడలి పురుటికో విమానం ఎక్కిన ఆడవాళ్ళు ఈ రెండో రకం వీసా మీదే వెళ్ళారు. అంటే ప్రభుత్వ లెక్కల ప్రకారం వాళ్ళు విహారానికి వెళ్ళారు. ఏటా అచ్చయ్యే వలస గణాంకాల్లో ‘విహారార్థం వచ్చిన తాత్కాలిక సందర్శకులు’ అనే వరసలో, నయాగరా చూడడానికి వచ్చినవాళ్ళతో కలిసి, ఒక అంకెగా మిగిలారు.

నేను న్యూజెర్సీలో ఆరేళ్ళు ఉన్నాను. నా పిల్లలిద్దరూ అక్కడే పుట్టారు. రెండు పురుళ్ళకీ మా అమ్మ వచ్చింది. రెండు సార్లూ ఆరేసి నెలలు ఉంది. నా పరిశోధనలో చివరి రెండు అధ్యాయాలు రెండో ఆరు నెలల్లో రాసినవే. కాబట్టి ఈ విషయం మీద నాకు తటస్థత ఉందని చెప్పను. కానీ ఇది నా ఒక్కదాని కథ అయితే వ్యాసం రాయాల్సిన పని లేదు. మేమున్న అపార్ట్‌మెంట్ సముదాయంలో ఏడాది పొడవునా కనీసం నలుగురైదుగురు తెలుగు అమ్మమ్మలో నాయనమ్మలో ఉండేవారు. ఒకరు వెళితే ఇంకొకరు వచ్చేవారు. మధ్యాహ్నం మూడింటికి స్ట్రోలర్లు తోసుకుంటూ, చీర మీద అల్లుడి పాత జాకెట్ తొడుక్కుని, కాళ్ళకు కూతురి స్పోర్ట్స్ షూ వేసుకుని బయటికొచ్చే ఆ స్త్రీలను చూసినప్పుడల్లా నాకు ఒకటే అనిపించేది. తెలుగు మధ్యతరగతి వలస చరిత్రని ఇప్పటిదాకా ఇంజినీర్ల చరిత్రగానే రాసుకున్నాం. ఆ ఇంజినీర్ల పిల్లలను ఎవరు పెంచారన్నది ఎక్కడ రాసి ఉంది?

మనకు తెలిసిన సంప్రదాయంలో పురుటికి ప్రయాణం చేసేది కూతురు. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి వస్తుంది. పురుడు, పదకొండో రోజు స్నానం, బారసాల, పథ్యం అన్నీ అక్కడే. మూడో నెలలోనో ఐదో నెలలోనో సారెతో, ఊయలతో తిరిగి అత్తవారింటికి వెళుతుంది. మొదటి పురుడు ఖర్చు పుట్టింటివాళ్ళదే. దీన్ని మనం ఎంతో మురిపెంగా చెప్పుకుంటాం. పెళ్ళయిన ఆడపిల్లకు అధికారికంగా దొరికే ఒకే ఒక దీర్ఘకాలపు సెలవు అదే కాబట్టి ఆ మురిపెంలో నిజం లేకపోలేదు. కానీ ఆ పుట్టింటి పురుడు అమ్మ ఒక్కతే చేసిన పని కాదు. చాలా ఊళ్ళలో మంత్రసాని మంగలి కులం నుంచో, మాల మాదిగ కులాల నుంచో వచ్చేది. బొడ్డు కోసేది ఆమె, మాయ పూడ్చేది ఆమె, పసిబిడ్డకు కాళ్ళ మీద నీళ్ళు పోసేదీ ఆమే. మైలబట్టలు చాకలి ఇంటి ఆడవాళ్ళు ఉతికేవారు. బదులుగా చేటలో బియ్యం, పాత చీర. పురుటి మైల అనేదాన్ని ‘పై’ కులాల ఇళ్ళు తమ ఒంటికి అంటకుండా కింది కులాల స్త్రీల చేతుల మీదుగా వదిలించుకున్నాయి. పుట్టింటి పురుడును తలుచుకుని కళ్ళు చెమర్చుకునే మన కథల్లో ఈ చేతులు తరచుగా కనిపించవు.

అమెరికా పురుటిలో ఈ చేతులు లేవు. మంత్రసాని స్థానంలో ఆస్పత్రి, చాకలి స్థానంలో వాషింగ్ మెషీన్ వచ్చాయనుకోవచ్చు. కానీ ఆస్పత్రి ఎన్నాళ్ళుంచుకుంటుంది? తొంభైల మొదట్లో కాన్పయిన ఇరవైనాలుగు గంటలకే, ఇంకా ముందే కూడా బీమా కంపెనీల ఒత్తిడితో తల్లీబిడ్డలను ఇంటికి పంపించేవారు. దాని మీద గోల పుట్టి 1996లో ఒక చట్టం చేశారు. మామూలు కాన్పుకి 48 గంటలు, సిజేరియన్‌కి 96 గంటలు బీమా వర్తించాలని అది చెప్పింది. అది కూడా పోరాడి తెచ్చుకున్న హక్కే. మన పదకొండు రోజుల పురుడు పక్కన ఆ రెండు రోజులు పెట్టి చూస్తే మిగతా తొమ్మిది రోజులు ఎవరి నెత్తిన పడ్డాయో తెలుస్తుంది. మంత్రసాని పనీ చాకలి పనీ వంటమనిషి పనీ అమ్మ పనీ అన్నీ కలిసి, అరవై దగ్గరపడుతున్న ఒకే మనిషి మీద పడ్డాయి. ఆ మనిషిని వేల మైళ్ళ అవతలి నుంచి రప్పించుకోవాలి.

ఎందుకు రప్పించుకోవాలి? తెలుగువాళ్ళకు అమ్మ మీద ప్రేమ ఎక్కువ కాబట్టి అనే జవాబు నాకు సరిపోదు. 1971లో అమెరికా కాంగ్రెస్ దేశమంతటా ప్రభుత్వ సాయంతో పిల్లల సంరక్షణ కేంద్రాలు పెట్టాలని ఒక బిల్లును ఆమోదించింది. ఆ డిసెంబరులో అధ్యక్షుడు నిక్సన్ దాన్ని వీటో చేశాడు. కుటుంబ పద్ధతి స్థానంలో సామూహిక పెంపకం వస్తుందన్నది ఆయన చెప్పిన అభ్యంతరాల్లో ఒకటి. అంత విస్తృతమైన చట్టం ఆ తర్వాత రానేలేదు. డే కేర్ మార్కెట్ సరుకైంది. పసిబిడ్డల డే కేర్ ఫీజు చాలా చోట్ల ఇంటద్దెతో పోటీపడుతుంది. ఇక ప్రసూతి సెలవు సంగతి. 1993లో వచ్చిన కుటుంబ, వైద్య సెలవు చట్టం పన్నెండు వారాల సెలవిస్తుంది, కానీ జీతం ఇవ్వదు. యాభై మందికి తక్కువ ఉద్యోగులున్న కంపెనీకి అది వర్తించదు. అదే యజమాని దగ్గర ఏడాదైనా పనిచేయని మనిషికీ వర్తించదు. చిన్న కన్సల్టెన్సీల ద్వారా హెచ్-1బి మీద వచ్చిన మన అమ్మాయిల్లో ఈ రెండు గీతలకూ బయట పడ్డవాళ్ళు ఎంతోమంది. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలు తర్వాత జీతంతో కూడిన సెలవు పెట్టాయి (కాలిఫోర్నియాలో 2004 నుంచి). దేశమంతటికీ అలాంటిది ఈనాటికీ లేదు. మన దేశంలో 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం పన్నెండు వారాలు జీతంతో ఇచ్చింది, 2017లో దాన్ని 26 వారాలు చేశారు. సంఘటిత రంగం దాటితే అదెంతమందికి అందుతోందన్నది వేరే ప్రశ్న. కానీ ప్రపంచంలోకెల్లా సంపన్న దేశంలో పసిబిడ్డను ఎత్తుకునే చేతుల కోసం తెనాలి వైపు చూడాల్సి రావడం మన సంస్కృతి గొప్పతనం వల్ల మాత్రమే జరగలేదని గుర్తుంచుకోవాలి. అక్కడ రాజ్యం ఖాళీ వదిలిన చోటును ఇక్కడి ఆడవాళ్ళు నింపారు.

అందరు అమ్మమ్మలూ ఒకలా వెళ్ళలేదు. 1965 వలస చట్టం తర్వాత వెళ్ళిన మొదటి తరం డాక్టర్లు, ఇంజినీర్లు, ప్రొఫెసర్లు త్వరగానే గ్రీన్‌కార్డు, ఆ తర్వాత ఐదేళ్ళకు పౌరసత్వం తెచ్చుకున్నారు. పౌరుల తల్లిదండ్రులకు ఆ చట్టంలో సంఖ్యా పరిమితి లేదు. కాబట్టి డెబ్భైల చివర, ఎనభైలలో వెళ్ళిన అమ్మమ్మ కావాలనుకుంటే శాశ్వత నివాసిగా వెళ్ళగలిగింది. ఉండాలా వద్దా అన్నది ఆమె చేతిలోనో, కనీసం ఆమె పిల్లల చేతిలోనో ఉండేది. రెండో తరం కథ వేరు. 1990 చట్టం హెచ్-1బి అనే తాత్కాలిక ఉద్యోగ వీసాను తెచ్చింది. మొదట ఏడాదికి 65,000 అన్న పరిమితిని 1999, 2000 సంవత్సరాలకు 1,15,000కీ, 2001 నుంచి మూడేళ్ళకు 1,95,000కీ పెంచారు. వచ్చేవాళ్ళ సంఖ్యను పెంచారు గానీ, ఉద్యోగం ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించకూడదన్న నిబంధన అలాగే ఉంచారు. ఫలితం, భారతీయులకు దశాబ్దాల క్యూ. క్యూలో ఉన్నవాడు అమ్మను స్పాన్సర్ చేయలేడు. అందుకే మా తరం అమ్మలందరూ సందర్శకులే. సాధారణంగా ఆరు నెలలు. విమానాశ్రయంలో అధికారి వేసే తేదీ ఆ ఇంట్లో క్యాలెండరు మీద ఎర్ర సున్నా అవుతుంది.

2009లో హైదరాబాద్ కాన్సులేట్ వీసాలు ఇవ్వడం మొదలుపెట్టేదాకా ఈ ఆడవాళ్ళు చెన్నై వెళ్ళి నిలబడాల్సి వచ్చేది. వెళ్ళే ముందు ఇంట్లో రిహార్సల్ జరిగేది. ఎందుకు వెళుతున్నారని అడిగితే ‘పిల్లను చూసుకోవడానికి’ అనొద్దు, ‘చూడడానికి’ అనండి! తెలుగులో రెండు మాటల మధ్యా ఉన్న తేడా అక్షరాల్లో కొంచెమే. కానీ చూసుకోవడం పని, చూడడం విహారం. పని అని అర్థమైతే వీసా రాదేమోనని భయం. ఇక్కడొక విచిత్రం ఉంది. ఇంటిచాకిరీని పనిగా గుర్తించండి అని 1970లలో ఇటలీలో, ఇంగ్లండులో, అమెరికాలో స్త్రీలు ఉద్యమం నడిపారు. సిల్వియా ఫెడరిచీ లాంటివాళ్ళు ఆ చాకిరీకి జీతం అడిగారు. చాలా రాజ్యాలు దాన్ని పనిగా ఒప్పుకోలేదు. వీసా కిటికీ దగ్గర మాత్రం అది పనేనేమో అన్న అనుమానం వస్తుంది. జీతం ఇవ్వాల్సి వచ్చినప్పుడు ప్రేమ, వీసా ఇవ్వాల్సి వచ్చినప్పుడు పని!

ఇక ఆ ఆరు నెలలు.

మా అమ్మ దిగిన రెండో రోజున ఆస్పత్రిలో నర్సు నాకు పెద్ద ప్లాస్టిక్ మగ్గులో ఐసు ముక్కలు వేసిన నీళ్ళు తెచ్చిపెట్టింది. అక్కడ అది మర్యాద. బాలింత చల్లనీళ్ళు ముట్టకూడదని నమ్మే మనిషికి అది హత్యాయత్నం. అమ్మ ఏమీ అనలేదు. నర్సు వెళ్ళగానే మగ్గు సింకులో ఒంపి, ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు పోసింది. తర్వాతి ఆరు నెలల కథంతా ఆ మగ్గులోనే ఉందనిపిస్తుంది నాకు. ఇంటికొచ్చాక బిడ్డకు నూనె రాసి, కాళ్ళు చాపుకుని కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోద్దామంటే స్నానాల గది నేలకు నీళ్ళు పోయే తూము లేదు. బాత్‌టబ్బులో దిగి కూర్చోవాలి, మోకాళ్ళ నొప్పులతో పసిగుడ్డును పట్టుకుని లేవాలి. బొడ్డు ఊడేదాకా తడిగుడ్డతో తుడవడమే తప్ప నీళ్ళు పోయవద్దని ఆస్పత్రి కాగితంలో రాసి ఉంది. సాంబ్రాణి వేస్తే పొగ గంట మోగి పైఅంతస్తు వాళ్ళు తలుపు కొట్టారు. తర్వాత్తర్వాత కిటికీ తెరిచి, గంట కింద నేను తువ్వాలు విసురుతుంటే అమ్మ వేసేది.

పిల్లల డాక్టరు మాట ఇంకా గట్టిది. 1992లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం పసిబిడ్డలను బోర్లా పడుకోబెట్టవద్దని చెప్పింది. 1994 నుంచి దేశమంతా దాని మీద ప్రచారం నడిచింది. నిద్రలో హఠాత్తుగా చనిపోయే పసివాళ్ళ సంఖ్య ఆ తర్వాత బాగా తగ్గింది కూడా. దాంతోపాటే బిడ్డ విడిగా తొట్టిలో పడుకోవాలి, పక్కన దుప్పటి కూడా ఉండకూడదు అన్నారు. వస కొమ్ము అరగదీసి నాలుక మీద రాస్తే మాటలు తొందరగా వస్తాయని మనవాళ్ళ నమ్మకం. ఆహారంలో వస వాడకాన్ని అక్కడి ఆహార, ఔషధ సంస్థ 1968లోనే నిషేధించింది. కాటుకలో సీసం ఉండవచ్చని హెచ్చరికలు ఉన్నాయి. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించకూడదు. వీటిలో చాలావాటికి శాస్త్రీయమైన కారణం ఉందని నేను ఒప్పుకుంటాను. అమ్మమ్మల జ్ఞానం అంటే అంతా అమృతం అనే ధోరణి నాకు లేదు. నా పిల్లలకు వస నేనూ పెట్టనివ్వలేదు.

కానీ చరిత్ర రాసేటప్పుడు ఇంకొకటి కూడా చూడాలి. నలుగురు పిల్లలను కని పెంచి, చుట్టాలిళ్ళలో పదిమంది పురుళ్ళకు సాయం చేసి, బిడ్డ ఏడుపు వినగానే కడుపునొప్పో ఆకలో చెప్పగలిగిన స్త్రీ ఇక్కడికి రాగానే శిక్షణ లేని సహాయకురాలు అయిపోయింది. ఇంగ్లీషులో అచ్చయిన కాగితం చదివి కూతురు చెప్పాలి, ఆమె చేయాలి. చేతులు ఆమెవే, బుర్ర మాత్రం ఇంకెవరిదో. మన పురుళ్ళ చరిత్రలో మంత్రసాని మీద జరిగింది ఇదే. ఆమెను అజ్ఞాని అని పక్కకు నెట్టింది వలసకాలపు వైద్యమూ, ఆ వైద్యాన్ని నెత్తిన పెట్టుకున్న ఇంగ్లీషు చదువుల కుటుంబాలూ. అదే కుటుంబాల పెద్దావిడ న్యూజెర్సీలోనో డాలస్‌లోనో మంత్రసాని ఉన్న చోటికి జారింది. కులం మాత్రం ఆమెను వదలలేదు. ఆ అపార్ట్‌మెంట్ల మధ్య మూడింటి నడకలో తొలి పరిచయం కాగానే వచ్చే రెండో మూడో ప్రశ్న ‘మీరేమిటి?’ అన్నదే. జవాబును బట్టి మర్నాడు కలిసి నడిచే జట్లు మారేవి.

ఆమె రోజు ఎలా గడిచేదో చెబుతాను. తెల్లవారుజామున బిడ్డ లేస్తే తల్లికి పాలు పట్టడానికి ఇచ్చి, మళ్ళీ తీసుకుని భుజాన వేసుకుని తిరగడం. ఏడింటికి అల్లుడి టిఫిను, బాక్సు. ‘అల్లుడి ముందు’ అనే జంకు వల్ల నైటీ మీద తువ్వాలు. పగలంతా బిడ్డ, వంట, బట్టలు. డ్రైవింగ్ రాదు, కాబట్టి ఎవరైనా తీసుకువెళితే తప్ప ఇల్లు దాటడం ఉండదు. చలికాలం పురుడైతే ఆ మూడింటి నడక కూడా లేదు. తొంభైల చివర ఊరికి ఫోను చేయాలంటే కాలింగ్ కార్డు గీకి నంబర్లు నొక్కాలి, నిమిషాలు లెక్కబెట్టుకోవాలి. అవతల భర్త ‘అన్నం తిన్నావా’ అని అడిగేలోపు ఈమె అడిగేది, ఎందుకంటే ఆరు నెలలూ ఆయనకు ఎవరు వండిపెట్టారన్నది ఆమె సమస్యే. కొంతమంది ఇంట్లో పనిచేసే మనిషికి వంట కూడా అప్పగించి వచ్చారు. భర్తను కూడా వెంటబెట్టుకు వచ్చినవాళ్ళకు ఇంకొక పని తోడయ్యేది, విసుగెత్తిన మగమనిషిని ఇంట్లో సముదాయించడం. తాతగార్లు కొందరు లైబ్రరీకి నడిచి వెళ్ళడం, మనవడికి అక్షరాలు దిద్దించడం అలవాటు చేసుకున్నారు. ఎక్కువమందికి సోఫా, తెలుగు చానెల్.

అమ్మ వెళ్ళగానే అత్తగారు వచ్చే ఏర్పాటు దాదాపు ప్రతి ఇంట్లో ఉండేది. ‘మీవాళ్ళు ఆర్నెల్లు, మావాళ్ళు ఆర్నెల్లు.’ అలా రెండు బి-2 వీసాలు కలిపితే ఒక సంవత్సరం. బిడ్డ నడిచేదాకా గడిచిపోతుంది. ఇది పైకి సమానత్వంలా కనిపిస్తుంది గానీ రెండు ఆరు నెలల బరువూ ఒకటి కాదు. అమ్మ ఉన్న ఆరు నెలలూ కూతురికి రోజూ రెండు గంటల నిద్ర ఎక్కువ. అత్తగారు ఉన్న ఆరు నెలలూ కోడలికి వంట ఒక పరీక్ష. అయితే ఈ సూత్రం కూడా ఎప్పుడూ నిజం కాదు. కొడుకు చేత మొదటిసారి అంట్లు తోమించిన అత్తగారిని నేను చూశాను. తన ముప్పయ్యేళ్ళ కాపురంలో అడగలేని మాట అమెరికా వంటింట్లో అడిగిందామె. కోడలికీ నాకూ వినపడేలా, ‘మీ నాన్నకు చేసిందే చాలు’ అంది. ఇంకో మార్పు కూడా ఉంది. అల్లుడింట్లో నాలుగు రోజులు మించి ఉండకూడదనే మాట మన ఇళ్ళలో బలమైనది. ఆ నియమాన్ని ఏ సంస్కరణోద్యమమూ కదిలించలేదు, డే కేర్ బిల్లు కదిలించింది. ఆడపిల్ల తల్లి అల్లుడి డబ్బుతో టికెట్టు కొని, అల్లుడింట్లో ఆరు నెలలు ఉండి, వంటింటి పెత్తనం కూడా చేసింది. మా అమ్మ టికెట్టు డబ్బు తనే పెట్టుకుంటానని పట్టుబట్టింది, పెట్టుకుంది. అది ఆమె గాజులు తాకట్టు పెట్టిన డబ్బని మా పిన్ని తర్వాత చెప్పింది.

ఆ అల్లుడి ప్రయాణానికి కూడా ఆడవాళ్ళ డబ్బే పెట్టుబడి అన్నది మర్చిపోకూడదు. షియాంగ్ బియావో అనే పరిశోధకుడు సిడ్నీలోనూ హైదరాబాదులోనూ తెలుగు సాఫ్ట్‌వేర్ పనివాళ్ళ మధ్య తిరిగి 2007లో ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ అనే పుస్తకం తెచ్చాడు. పొలం మీద వచ్చిన మిగులూ, కట్నమూ ఈ వలసకు ఇంధనం ఎలా అయ్యాయో అందులో వివరంగా ఉంది. కట్నం ఇచ్చిన తల్లే తర్వాత పురుటికి వెళ్ళి చాకిరీ చేసింది అన్న రెండో భాగం మనం జోడించుకోవాలి. ఆర్లీ హోక్‌షీల్డ్ 2000లో ‘ప్రపంచ సంరక్షణ గొలుసు’ అన్న భావనను ముందుకు తెచ్చినప్పుడు ఆమె కళ్ళ ముందున్నది ముఖ్యంగా ఫిలిప్పీన్స్ లాంటి దేశాల నుంచి డబ్బు కోసం వెళ్ళి ఇతరుల పిల్లలను పెంచే ఆయాలు. జీతం లేకుండా, సొంత మనవల కోసం, ఆరు నెలలకొకసారి తిరిగి వెళ్ళే స్త్రీ ఆ గొలుసులో మొదట కనబడలేదు. ఆస్ట్రేలియా వలసదారుల మీద పనిచేసిన బాల్డసార్, ఆమె సహ పరిశోధకులు 2007 నాటి పుస్తకంలో ఖండాలు దాటి జరిగే కుటుంబ సంరక్షణను చర్చించారు. అమెరికా వెళ్ళిన భారతీయ వృద్ధుల గురించి సారా లాంబ్ 2009లో రాశారు. తెలుగు అమ్మమ్మల నోటి మాటలు సేకరించిన పుస్తకం మనకు రావాలి. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ వేసి, తెలంగాణ పోరాటంలోని స్త్రీలు తమ నోటితో చెప్పుకున్నదే చరిత్ర అని చూపించింది. ఆ పద్ధతి ఉగ్గుగిన్నె పట్టుకున్న చేతులకు కూడా పనికొస్తుంది. డయాస్పోరా కథల్లో అత్తగారు నాలుగు గోడల మధ్య బిక్కచచ్చిపోవడం ఎన్నోసార్లు వచ్చింది. అందులో ఆమె ఎప్పుడూ జాలిపడాల్సిన మనిషి, లేదా నవ్వుకోవాల్సిన మనిషి. పనిచేస్తున్న మనిషిగా ఆమె నాకు తక్కువగా కనిపించింది.

మన దేశపు లెక్కల్లో ఆమె కొంతవరకు ఉంది. 2019లో జరిగిన కాలవినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు ఖర్చుచేశారు. విమానం ఎక్కగానే ఆ 299 నిమిషాలు ఈ దేశపు లెక్కలోంచి జారిపోతాయి. ఆ దేశంలో విహారం కింద జమ అవుతాయి.

చాలామంది అడుగుతారు, హెచ్-4 మీద ఇంట్లోనే ఉన్న తల్లికి అమ్మమ్మ ఎందుకని. 2015 మే 26 దాకా హెచ్-4 భార్యకు పనిచేసే హక్కే లేదు కదా అని. ఎంటెక్ చదివి, నాలుగేళ్ళు ఉద్యోగం చేసి, పెళ్ళితో అన్నీ వదిలేసి వచ్చి, బ్యాంకు ఖాతాలో రెండో పేరుగా మిగిలిన అమ్మాయికి బిడ్డతో ఒంటరిగా పన్నెండు గంటలు గడపడం ఎలా ఉంటుందో ఆ ప్రశ్న వేసేవాళ్ళకు తెలియదు. ఏమీ భట్ 2018లోనూ పల్లవి బెనర్జీ 2022లోనూ తమ పుస్తకాల్లో ఈ ఆధారిత భార్యల జీవితాన్ని రికార్డు చేశారు. ఏమీ భట్ పెట్టిన పేరు ‘హైటెక్ హౌస్‌వైవ్స్’. గ్రీన్‌కార్డు క్యూలో ఒక దశ దాటిన కుటుంబాల హెచ్-4 భార్యలకు 2015లో పని అనుమతి వచ్చాక అమ్మమ్మల అవసరం తగ్గలేదు, పెరిగింది. వెంటనే కేసు పడింది. 2017 నుంచి ఆ అనుమతిని రద్దుచేసే ప్రతిపాదన తలమీద వేలాడింది, 2021 జనవరిలో దాన్ని ఉపసంహరించుకున్నారు. 2024 ఆగస్టులో అప్పీలు కోర్టు ఆ నిబంధన చెల్లుతుందని తీర్పిచ్చింది. ఆ ఏళ్ళన్నిటా మా స్నేహితురాళ్ళు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియకుండానే అమ్మలకు టికెట్లు బుక్ చేశారు.

ఇంకొక పద్ధతి కూడా ఉండేది. దాని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఆరు నెలలవగానే అమ్మమ్మ బిడ్డను తీసుకుని వెనక్కి వెళ్ళిపోవడం. ఏడాదో రెండేళ్ళో బిడ్డ ఇక్కడ పెరుగుతుంది. అమెరికా పాస్‌పోర్టు ఉన్న ఆ పసిదానికి అమ్మమ్మ ఊరు రావడానికి భారత వీసా కావాలి! మా పక్కింటామె కూతుర్ని పధ్నాలుగు నెలలు అలా రాజమండ్రిలో ఉంచింది. ఆ నెలల్లో ఆమె ఉద్యోగం మారింది, అప్పు తీరింది. తిరిగి వచ్చిన రోజు పాప విమానాశ్రయంలో తల్లి దగ్గరకు రాలేదు. అమ్మమ్మను ‘అమ్మా’ అంటూ మెడ పట్టుకు వేలాడింది. అమ్మమ్మ ఆరు నెలలు అక్కడే ఉండి, రోజుకు కొంచెం కొంచెంగా తనను తాను బిడ్డ నుంచి విడదీసుకుంది. అన్నం కూతురిచేత పెట్టించడం, నిద్రపుచ్చేటప్పుడు తను గదిలోంచి తప్పుకోవడం. ఆ పనికి ఏ భాషలో పేరుందో నాకు తెలియదు. సరోగసీ గురించీ ఆయాల గురించీ ఇన్ని సిద్ధాంతాలు చదివాం గానీ, బిడ్డ మనసులోంచి తనను తాను తుడుచుకోవడం అనే శ్రమను ఏ తరగతి గదిలోనూ చర్చించలేదు.

2020 మార్చిలో విమానాలు ఆగాయి, కాన్సులేట్లు మామూలు వీసాలు ఆపేశాయి. అక్కడ ఉండిపోయిన అమ్మమ్మలు గడువు పొడిగించమని అర్జీలు పెట్టుకుని, బీపీ మాత్రలు రోజు మార్చి రోజు మింగారు, ఎందుకంటే సందర్శకుల బీమా పాత జబ్బులకు వర్తించదు. ఇక్కడ ఉండిపోయినవాళ్ళు మనవరాళ్ళను ఫోన్ తెర మీద చూశారు. ఆ రెండేళ్ళలో అమ్మ లేకుండా పురుడు పోసుకున్నవాళ్ళు చాలామంది. అందులో కొందరి భర్తలు మొదటిసారి ఇంటినుంచి పనిచేస్తూ పత్యం వండడం నేర్చుకున్నారు. యూట్యూబులో చూసి కాదు, వీడియో కాల్‌లో అత్తగారు పక్కనుండి చెబుతుంటే. 2022లో మన దేశంలోని కొన్ని కాన్సులేట్లలో మొదటిసారి సందర్శక వీసాకు ఇంటర్వ్యూ తేదీ ఐదువందల రోజుల తర్వాత దొరికేది. పురుడు తొమ్మిది నెలలు, క్యూ పదహారు నెలలు.

ఇప్పుడు ఆ మొదటి బృందం అమ్మమ్మలకు డెబ్భై దాటాయి. మా అమ్మకు బాత్‌టబ్బు అంచు పట్టుకుని లేచిన కుడి మోకాలికి నిరుడు ఆపరేషన్ జరిగింది. నేను పక్కనే ఉన్నాను, ఎందుకంటే మేం తిరిగి వచ్చేశాం. తిరిగి రాలేనివాళ్ళ సంగతి వేరు. వీసా స్టాంపింగ్ చిక్కుల వల్ల తల్లి ఆస్పత్రిలో ఉన్నా విమానం ఎక్కడానికి భయపడే కూతుళ్ళు నాకు తెలుసు. ఫోనులో గంటల తరబడి నర్సులతో మాట్లాడతారు, డబ్బు పంపుతారు, ఏజెన్సీ ద్వారా రోజంతా ఉండే మనిషిని పెడతారు.

మా పిన్ని దగ్గర అలా ఉంటున్న అమ్మాయికి పాతికేళ్ళు. పల్నాడు వైపు ఊరు. పిన్నిని లేపి కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, సాయంత్రం అమెరికాలో ఉన్న కూతురికి వీడియో కాల్ కలిపి ఫోను పట్టుకుని నిలబడడం ఆమె పని. నెలకు రెండు రోజులు సెలవు. ఆమెకు ఇద్దరు పిల్లలున్నారు, పెద్దవాడికి ఐదేళ్ళు, చిన్నదానికి రెండున్నర. ఎవరు చూసుకుంటున్నారని అడిగాను. వాళ్ళ అమ్మమ్మ దగ్గరున్నారు మేడం, అంది.